స్లైడుపై రంగు ఆయుష్షు చెప్పదు

ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి ఏ వైద్య పత్రిక తిరగేసినా ఒక వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. ఫలానా ప్రోటీన్ కణితిలో ఎక్కువగా ఉన్నవాళ్లు త్వరగా చనిపోయారు, తక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారు, కాబట్టి ఈ ప్రోటీన్ రోగి భవిష్యత్తును ముందే చెప్పే మార్కర్ అని. ప్రోటీన్ పేరు మారుతుంది గానీ వాక్యం మారదు. అక్కడి నుంచి అది దినపత్రికల ఆరోగ్య పేజీలోకి దిగుతుంది, ఆ తర్వాత ల్యాబ్‌ల ప్యాకేజీల్లో చేరుతుంది. చివరికి ఒక రిపోర్టు పట్టుకుని డాక్టరు ముందు కూర్చున్న కొడుకు నోట వినిపిస్తుంది: "ఈ అంకె ఇంత ఉందండీ, నాన్నకి ఇంకెన్నాళ్లుంది?"

ఆ కొడుకు తప్పేమీ లేదు. అంకె చూపించి అది ఆయుష్షును కొలుస్తుందని నమ్మించినవాళ్లదే తప్పు. కణితిలోనో రక్తంలోనో ఉన్న ప్రోటీన్‌ను కొలిస్తే రోగి ఎంతకాలం బతుకుతాడో తెలుస్తుందని, కొలిచే ప్రోటీన్ల సంఖ్య పెరిగేకొద్దీ జోస్యం మరింత కచ్చితమవుతుందని పరిశోధకుల్లోనూ డాక్టర్లలోనూ రోగుల ఇళ్లలోనూ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. దీన్ని నేను ఒప్పుకోను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ప్రోటీన్ పరీక్షకు విలువ వచ్చేది ఒకే ఒక్క సందర్భంలో: దాని ఫలితాన్ని బట్టి రోగికి ఇచ్చే వైద్యం మారినప్పుడు. మారకపోతే అది రోగి చేతిలో పెట్టిన జాతకం. ఈ మాటను ఆవేశంతో అనడం లేదు. గత పాతికేళ్ల చరిత్రే దీనికి సాక్ష్యం.

అసలు ఇలాంటి అధ్యయనం ఎలా తయారవుతుందో చూడాలి. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కలు మైనపు దిమ్మల్లో భద్రమై ఏళ్ల తరబడి పెథాలజీ విభాగాల్లో ఉంటాయి. వాటిని కాగితం కంటే పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, ఒక యాంటీబాడీ వేస్తారు. యాంటీబాడీ తన ప్రోటీన్‌ను పట్టుకున్న చోట గోధుమ రంగు పడుతుంది. పెథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి ఎన్ని కణాలకు రంగు పడింది, ఎంత చిక్కగా పడింది అని మార్కులు వేస్తాడు. ఆ మార్కుల మధ్య ఎక్కడో ఒక గీత గీసి, పైనున్నవాళ్లు 'ఎక్కువ', కిందున్నవాళ్లు 'తక్కువ' అంటారు. రెండు గుంపుల్లో ఎవరు ఎప్పుడు చనిపోయారో గ్రాఫు వేస్తారు. రెండు గీతలూ విడిపోతే వ్యాసం అచ్చవుతుంది.

మొత్తం కిటుకు ఆ మధ్య గీతలో ఉంది. దాన్ని ముందే నిర్ణయించుకోకుండా, పది శాతం దగ్గర పెట్టి చూసి, ముప్ఫై దగ్గర చూసి, యాభై దగ్గర చూసి, రెండు గుంపుల మధ్య తేడా బాగా కనిపించిన చోట ఖాయం చేస్తే ఏమవుతుంది? బ్రిటన్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు 1994లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. ప్రోటీన్‌కూ ఆయుష్షుకూ ఏ సంబంధమూ లేకపోయినా, అనుకూలమైన గీతను ఇలా వెతుక్కుంటూ పోతే 'సంబంధం ఉంది' అని తేలే ప్రమాదం మామూలుగా ఒప్పుకునే 5 శాతం నుంచి 40 శాతం దాకా ఎగబాకుతుంది. అంటే, ఏమీ లేని చోట కూడా అయిదింట రెండుసార్లు ఏదో దొరికినట్టే అనిపిస్తుంది. ఈ హెచ్చరిక వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. అనుకూలమైన గీతను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఈనాడు ఉచితంగా దొరుకుతోంది, పరిశోధక విద్యార్థులు దాన్ని నిస్సంకోచంగా వాడుతున్నారు.

ఫలితం ఏమిటో 2007లో గ్రీసుకు చెందిన కిజాస్, ఇయోనిడిస్ బృందం బయటపెట్టింది. క్యాన్సర్ రోగుల భవిష్యత్తును చెప్పే మార్కర్ల మీద వచ్చిన 1,575 వ్యాసాలను వాళ్లు పరిశీలించారు. వాటిలో 1,509 వ్యాసాలు, అంటే దాదాపు 96 శాతం, ఏదో ఒక 'గణనీయమైన' సంబంధాన్ని ప్రకటించాయి. ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి ప్రోటీనూ నిజంగా ఆయుష్షును శాసిస్తుందా? అలాంటి ప్రకృతి ఎక్కడా లేదు. నెగ్గినవి మాత్రమే అచ్చయ్యాయి, నెగ్గనివాటిని నెగ్గేదాకా తిప్పి తిప్పి చూశారు, అప్పటికీ నెగ్గకపోతే సొరుగులో పెట్టారు. ఇంకో అర్థం చెప్పడం కష్టం. ఈ అరాచకాన్ని అదుపు చేయడానికే 2005లో 'రిమార్క్' అనే నియమావళి వచ్చింది: గీతను ఎలా నిర్ణయించారో చెప్పండి, రోగులు ఏ వైద్యం తీసుకున్నారో చెప్పండి, ఎంతమంది లెక్కలోంచి తప్పిపోయారో చెప్పండి అని. ఎంత మామూలు కోరికలు! వీటిని రాతపూర్వకంగా అడగాల్సి వచ్చిందంటేనే ఆ రంగం పరిస్థితి అర్థమవుతుంది.

ఇక్కడ నాకు ఒక జవాబు ఎదురవుతుంది. "చిన్న ఆస్పత్రుల చిన్న అధ్యయనాలు చూసి మొత్తాన్ని కొట్టిపారేయకండి. పెద్ద క్లినికల్ ట్రయల్స్‌లో, మంచి చేతుల్లో, మంచి పత్రికల్లో వచ్చినవి ఉన్నాయి కదా" అంటారు. సరే, అన్నింటికంటే మంచి ఉదాహరణనే తీసుకుందాం. దాని పేరు ఇఆర్‌సీసీ1.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపరేషన్ చేసి తీసేసిన తర్వాత సిస్‌ప్లాటిన్‌తో కీమోథెరపీ ఇస్తే లాభం ఉందా అని 1,867 మంది రోగులతో ఒక అంతర్జాతీయ ట్రయల్ జరిగింది. 2004లో ఫలితాలు వచ్చాయి. అయిదేళ్లకు బతికున్నవాళ్లు కీమో తీసుకున్నవాళ్లలో 44.5 శాతం, తీసుకోనివాళ్లలో 40.4 శాతం. తేడా నిజమే గానీ వందమందికి ఇస్తే నలుగురికి మేలు. మిగతా తొంభై ఆరుగురికి వాంతులు, నరాల తిమ్మిర్లు, కిడ్నీల మీద దెబ్బ మాత్రమే మిగిలాయి. ఆ నలుగురెవరో ముందే తెలిస్తే? ఈ ప్రశ్న ఎంత న్యాయమైనదో, ఎంత మానవీయమైనదో నేను కాదనను. పారిస్ పక్కన విల్‌జుయిఫ్‌లోని గుస్తావ్ రూసీ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని భుజానికెత్తుకున్నారు.

వాళ్లు ఎంచుకున్న ప్రోటీన్ వెనక మంచి తర్కం ఉంది. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న ముక్కను కత్తిరించి బాగుచేసే యంత్రాంగంలో ఇఆర్‌సీసీ1 ఒక ముఖ్య భాగం. ఈ ప్రోటీన్ దండిగా ఉంటే కణం మందు దెబ్బను మరమ్మతు చేసుకుంటుంది, లేకపోతే చస్తుంది. ఆ ట్రయల్‌లోని 761 మంది కణితులకు 8ఎఫ్1 అనే యాంటీబాడీతో రంగు వేశారు. సరిగ్గా అనుకున్నట్టే వచ్చింది. ప్రోటీన్ లేనివాళ్లలో కీమో మరణ ప్రమాదాన్ని మూడో వంతు తగ్గించింది. ఉన్నవాళ్లలో ఏ లాభమూ లేదు. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దాన్ని అచ్చువేసింది.

అందులో ఇంకో ఫలితం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా దాటిపోయారు. కీమో తీసుకోనివాళ్లను మాత్రమే చూస్తే, ప్రోటీన్ ఉన్నవాళ్లే ఎక్కువ కాలం బతికారు. కీమో ఇచ్చేసరికి ఆ మంచి తేలిపోయింది. ఒకే స్లైడు, ఒకే రంగు. ఒక వైద్యం కింద అది 'మంచి' సూచన, ఇంకో వైద్యం కింద దాని అర్థమే మారిపోయింది. రోగి ఏ మందు వేసుకున్నాడో చెప్పకుండా 'ఈ ప్రోటీన్ ఉంటే బతుకుతాడు, లేకపోతే పోతాడు' అనడం ఎంత అర్థరహితమో ఆ ఒక్క వ్యాసమే రుజువు చేసింది. అయినా అందరూ తీసుకున్న పాఠం వేరు: ఇఆర్‌సీసీ1ని కొలవండి అని. కొన్ని వాణిజ్య ల్యాబ్‌లు ఆ పరీక్షను అమ్మకానికి పెట్టాయి. దాన్ని బట్టి మందు ఎంచే కొత్త ట్రయల్స్ మొదలయ్యాయి.

2013లో అదే పత్రికలో, అదే బృందం రెండో వ్యాసం రాసింది. ఈసారి వేరే రెండు పెద్ద ట్రయల్స్ నుంచి 494 మంది కణితులను పరీక్షించారు. పాత ఫలితం రాలేదు. అనుమానం వచ్చి తమ పాత ట్రయల్‌లోని 589 స్లైడ్లకు మళ్లీ రంగు వేశారు. అదే కణితులు, అదే పేరున్న యాంటీబాడీ, అయినా ఫలితాలు మొదటిసారి వచ్చినవాటితో కలవలేదు. మధ్యలో అయిదారేళ్లలో యాంటీబాడీ తీరే మారిపోయింది. అప్పుడు మార్కెట్లో దొరికే 16 యాంటీబాడీలను వరసగా పరీక్షించారు. ఇఆర్‌సీసీ1 కణంలో నాలుగు రూపాల్లో తయారవుతుంది. డీఎన్‌ఏను బాగుచేయగల శక్తి వాటిలో ఒక్క రూపానికే ఉంది. ఆ పదహారింటిలో ఒక్కటి కూడా పనిచేసే రూపాన్ని పనిచేయని మూడింటి నుంచి వేరుచేసి చూపించలేకపోయింది. 8ఎఫ్1 ఇఆర్‌సీసీ1తో ఏ సంబంధమూ లేని మరో ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుందని ఇంకో అధ్యయనం తేల్చింది.

సొంత ఫలితాన్ని సొంత చేతుల్తో కూల్చి, మొదటిసారి చెప్పిన వేదిక మీదే ఆ సంగతి చెప్పిన ఆ శాస్త్రవేత్తల నిజాయితీకి నమస్కరిస్తాను. కానీ ఒకటి ఆలోచించండి. ప్రపంచంలోని అతి పెద్ద క్యాన్సర్ సంస్థల్లో ఒకటి, జాగ్రత్తగా నడిపిన ట్రయల్, పక్కా జీవశాస్త్ర తర్కం, కఠినమైన సమీక్ష. ఇన్ని ఉన్నా ఆ గోధుమ రంగు దేన్ని చూపిస్తోందో ఖాయంగా తేలడానికి ఏడేళ్లు పట్టింది. మరి ఒక్క ఆస్పత్రిలో నూటపాతిక స్లైడ్లతో, ఏ యాంటీబాడీ బ్యాచ్ వాడారో కూడా రాయని వ్యాసం 'ఈ ప్రోటీన్ రోగి మనుగడను స్వతంత్రంగా సూచిస్తుంది' అంటే దేని బలంతో నమ్మాలి?

రక్తంలో కొలిచే మార్కర్ల సంగతి ఇంతకంటే తొందరగా తేల్చేయవచ్చు. సీఈఏ పొగతాగేవాళ్లలో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. సైఫ్రా 21-1, ప్రోజీఆర్‌పీ కిడ్నీలు దెబ్బతింటే పెరుగుతాయి. ఎన్‌ఎస్‌ఈ ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది కాబట్టి, రక్తం తీసేటప్పుడో ల్యాబ్‌కు పంపేటప్పుడో కణాలు పగిలితే చాలు, అంకె ఎగిరి కూర్చుంటుంది. వైద్యం నడుస్తుండగా స్కానింగుతో పాటు వీటిని గమనించే డాక్టర్లున్నారు, దానికి నేను అడ్డు చెప్పను. ఏ లక్షణమూ లేనివాడికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో సీఈఏ చేసి భయపెట్టడం, నాలుగో స్టేజీ రోగికి నెలనెలా చేసి అంకె పెరిగిందని ఇంటిల్లిపాదినీ ఏడిపించడం మాత్రం వైద్యం అనిపించుకోదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టుకుని మరణాలను తగ్గిస్తుందని పెద్ద ట్రయల్‌లో రుజువైనది, ఎక్కువకాలం బాగా పొగతాగినవాళ్లకు చేసే తక్కువ మోతాదు సీటీ స్కాన్. అమెరికాలో 53 వేలమందికి పైగా పాల్గొన్న ఆ ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. రక్తంలో ప్రోటీన్ కొలిచి ఆ పని సాధించినవాళ్లు లేరు.

అయితే ప్రోటీన్ పరీక్షలన్నీ దండగేనా? కాదు. ముక్క పరీక్షలో టీటీఎఫ్-1, పీ40 అనే రెండు ప్రోటీన్లకు రంగు వేస్తే అది ఎడినోకార్సినోమానా, స్క్వామస్ రకమా అని చాలాసార్లు తేలిపోతుంది. దాన్ని బట్టి తర్వాత చేయాల్సిన పరీక్షలు, ఇవ్వాల్సిన కీమో మారిపోతాయి. అంతకంటే గొప్ప ఉదాహరణ ఏఎల్‌కే. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రోటీన్ చరిత్రలో ఉంది.

2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం కొందరి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రెండు జన్యువులు విరిగి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల ఏఎల్‌కే అనే ప్రోటీన్ అదుపు లేకుండా పనిచేస్తోందని కనిపెట్టింది. ఇలాంటివాళ్లు వందలో ముగ్గురో అయిదుగురో. చాలామంది వయసులో చిన్నవాళ్లు, ఎప్పుడూ పొగతాగనివాళ్లు. మామూలు ఊపిరితిత్తిలో ఈ ప్రోటీన్ ఉండదు, అందుకే స్లైడు మీద గట్టిగా రంగు పడిందంటే సందేహానికి పెద్దగా తావు లేదు. 2011లో క్రిజోటినిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే ఆలిస్ షా బృందం ఒక పోలిక ప్రచురించింది. ఏఎల్‌కే ఉండి, మొదటి వైద్యం పనిచేయడం మానేశాక క్రిజోటినిబ్ తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు 55 శాతం మంది బతికున్నారు. అదే ఏఎల్‌కే ఉండి, అదే దశలో ఆ మందు అందక ఇతర మందులు తీసుకున్నవాళ్లలో 12 శాతం. ఆ మాత్ర దొరకని ఏఎల్‌కే రోగుల ఆయుష్షు, ఏఎల్‌కే లేని మామూలు రోగుల ఆయుష్షు దాదాపు ఒకటే.

మరి ఏఎల్‌కే మంచి సూచనా, చెడ్డ సూచనా? ఈ ప్రశ్నకు ప్రోటీన్ దగ్గర జవాబు లేదు. మందుల షాపులో ఉంది. ఆ తర్వాత వచ్చిన లార్లాటినిబ్ అనే మాత్రతో, ముదిరిన దశలో మొదలుపెట్టినవాళ్లలో 60 శాతం మందికి అయిదేళ్లు గడిచినా జబ్బు పెరగలేదని 2024లో ఫలితాలు వచ్చాయి. క్రిజోటినిబ్ తీసుకున్నవాళ్లలో అది 8 శాతమే. కణితి అదే, ప్రోటీన్ అదే, రంగు అదే. పదిహేనేళ్లలో జబ్బు ముఖచిత్రమే మారిపోయింది. 2008లో ఎవరైనా ఏఎల్‌కేని కొలిచి 'ప్రోగ్నోసిస్', అంటే జబ్బు ముందుముందు ఎలా ఉంటుందన్న అంచనా, అని రాసుంటే ఆ కాగితం మూడేళ్లకు చిత్తుకాగితం అయ్యేది. ప్రోగ్నోసిస్ అన్నది కణితిలో దాగున్న వస్తువు కాదు. కణితికీ, ఆ రోజున దానికి దొరికే వైద్యానికీ, ఆ వైద్యం కొనగలిగే రోగి స్తోమతుకూ మధ్య ఉండే సంబంధం.

ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రోటీన్ కథ ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి చెబుతుంది. గెఫిటినిబ్ అనే మాత్ర వచ్చిన తొలి రోజుల్లో ఈజీఎఫ్‌ఆర్ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవాళ్లకే అది పనిచేస్తుందని అనుకున్నారు. తర్కం సూటిగానే ఉంది: మందు ఆ ప్రోటీన్ మీద పనిచేస్తుంది కాబట్టి ప్రోటీన్‌ను కొలిస్తే చాలు. 2004లో అసలు రహస్యం జన్యువులోని మార్పులో ఉందని బోస్టన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆసియా దేశాల్లో 1,217 మందితో జరిగిన ఐపాస్ ట్రయల్ 2009లో దాన్ని కళ్లకు కట్టింది. జన్యు మార్పు ఉన్నవాళ్లలో గెఫిటినిబ్ జబ్బు పెరిగే ప్రమాదాన్ని కీమోతో పోలిస్తే సగానికి తగ్గించింది. మార్పు లేనివాళ్లలో అదే మందు ఆ ప్రమాదాన్ని దాదాపు మూడింతలు చేసింది. జన్యు మార్పు చూడకుండా మందు రాసిన రోజుల్లో ఎందరు తప్పు మందు మింగారో ఆలోచిస్తేనే గుండె బరువెక్కుతుంది. మన దేశంలో ఊపిరితిత్తుల ఎడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈ జన్యు మార్పు ఉంటుంది. వాళ్లకు రోజుకొక మాత్రతో నడిచే వైద్యం ఉంది. గెఫిటినిబ్ జెనెరిక్ రూపంలో మన ఊళ్లలో దొరుకుతోంది కూడా. ఈ పరీక్ష చేయించకుండా వేరే మార్కర్ల ప్యానెల్‌కు డబ్బు పోయించడాన్ని నేను క్షమించలేను.

ఇప్పుడు ఈ నమ్మకం తన చివరి కోటగా పీడీ-ఎల్1ను చూపిస్తోంది. ఇమ్యునోథెరపీ మందులకు ఇది సూచిక. 2016లో వచ్చిన కీనోట్-024 ట్రయల్‌లో, కనీసం 50 శాతం కణితి కణాల మీద పీడీ-ఎల్1 ఉన్న 305 మందిని తీసుకుని పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును కీమోతో పోల్చారు. అయిదేళ్లకు ఇమ్యునోథెరపీ గుంపులో 31.9 శాతం, కీమో గుంపులో 16.3 శాతం బతికున్నారు. నాలుగో స్టేజీ జబ్బులో ఇది ఒకప్పుడు ఊహించలేని విజయం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఇక్కడ ప్రోటీన్ వైద్యాన్ని మార్చింది కాబట్టి ఆ పరీక్ష అవసరమే. కానీ అదే అంకెను ఆయుష్షు అంకెగా చదివేవాళ్లు ఇంకో సగం చూడాలి. పీడీ-ఎల్1 యాభై దాటి, ఆ మందే తీసుకున్నవాళ్లలో కూడా మూడింట రెండు వంతుల మంది అయిదేళ్లు బతకలేదు. మరోపక్క, 2018లో వచ్చిన కీనోట్-189లో ఇమ్యునోథెరపీని కీమోతో కలిపి ఇస్తే, పీడీ-ఎల్1 ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకూ మేలు జరిగింది. అంకె పెద్దదైతే హామీ లేదు, సున్నా అయితే ఆశ పోలేదు.

పైగా ఆ అంకె స్థిరమైనది కూడా కాదు. 22సీ3, 28-8, ఎస్‌పీ263, ఎస్‌పీ142 అని వేర్వేరు కంపెనీల మందులతో పాటు వచ్చిన నాలుగు యాంటీబాడీలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చిన బ్లూప్రింట్ అధ్యయనంలో ఎస్‌పీ142 మిగతావాటికంటే తక్కువ కణితి కణాలకే రంగు పట్టించింది. 22సీ3తో చెప్పుకోదగ్గ అంకె రావాలంటే స్లైడులో కనీసం వంద బతికున్న కణితి కణాలు ఉండాలి. సన్న సూదితో తీసిన చిన్న ముక్కలో అన్ని దొరకని సందర్భాలు తక్కువేం కాదు. కణితిలో ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉండటం మామూలే. వీటన్నిటినీ మించి ఒక ప్రమాదం ఉంది. ఈజీఎఫ్‌ఆర్ జన్యు మార్పు ఉన్నవాళ్లలో పీడీ-ఎల్1 ఎంత ఎక్కువున్నా ఇమ్యునోథెరపీ ఒక్కటే సాధారణంగా పనిచేయదు. దాన్ని ముందు ఇచ్చి వెంటనే ఈజీఎఫ్‌ఆర్ మీద పనిచేసే ఓసిమెర్టినిబ్ మాత్రకు మారితే ఊపిరితిత్తులు వాచే ముప్పు పెరుగుతుంది. పీడీ-ఎల్1 రిపోర్టు నాలుగు రోజుల్లో వస్తుంది, జన్యు పరీక్షకు ఇంకో రెండు వారాలు పడుతుంది. 'ఎనభై శాతం వచ్చింది, అదృష్టవంతులు' అంటూ ఆ రెండు వారాలు ఆగకుండా లక్షల రూపాయల మందు మొదలుపెట్టించేది, ప్రోటీన్ అంకె మీదున్న ఈ గుడ్డి గౌరవమే.

నా వాదనకు ఎదురు నిలిచే బలమైన ఉదాహరణ ఒకటుంది. దాన్ని దాటవేస్తే అన్యాయం అవుతుంది. వెరిస్ట్రాట్ అనే పరీక్ష రక్తంలోని ఎనిమిది ప్రోటీన్ సంకేతాలను చూసి రోగిని 'మంచి', 'చెడ్డ' గుంపుల్లో వేస్తుంది. ఇటలీలో జరిగిన ప్రోజ్ ట్రయల్ దాన్ని పాత స్లైడ్ల మీద కాకుండా ముందే ప్లాన్ చేసి పరీక్షించింది. 2014లో ఫలితం వచ్చింది: 'చెడ్డ' గుంపువాళ్లు గెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ మాత్ర తీసుకుంటే కీమో తీసుకున్నవాళ్లకంటే త్వరగా చనిపోయారు. ఇది నిజమైన రుజువు, గౌరవించాల్సిన పని. అయినా ఆ పరీక్షకు ఏమైంది? అంతకు ఏడాది ముందే ఇటలీలోనే జరిగిన టైలర్ ట్రయల్, ఈజీఎఫ్‌ఆర్ జన్యు మార్పు లేనివాళ్లకు ఎర్లోటినిబ్ కంటే కీమోయే మేలని తేల్చింది. ఎర్లోటినిబ్ వాళ్లకు ఇవ్వడమే తగ్గిపోయాక, ఎవరికి ఇవ్వకూడదో చెప్పే పరీక్షకు పనేముంటుంది? అతి చక్కగా చేసిన ప్రోటీన్ మార్కర్ కూడా ఒక వైద్య నిర్ణయానికి కట్టుబడి ఉన్నంతకాలమే పనికొచ్చింది. అలాంటి నిర్ణయం ఏదీ లేకుండా పుట్టే వందలాది మార్కర్ల గురించి వేరే చెప్పాలా?

"ఎన్నాళ్లుందో తెలిస్తే ఆస్తిపాస్తులు చక్కబెట్టుకుంటారు, కూతురి పెళ్లి ముందుకు జరుపుకుంటారు, ఆ హక్కు రోగికి లేదా?" అని అడిగేవాళ్లున్నారు. ఉంది, తప్పకుండా ఉంది. కానీ ఆ మాట చెప్పడానికి డాక్టరుకు ప్రోటీన్ అక్కర్లేదు. జబ్బు ఏ స్టేజీలో ఉంది, రోగి తన పనులు తాను చేసుకుంటున్నాడా లేక సగం రోజు మంచం మీదే ఉంటున్నాడా, రెండు నెలల్లో ఎంత బరువు తగ్గాడు, మందుకు స్కాన్‌లో ఏం తేడా కనిపించింది. ఏ ల్యాబ్ బిల్లూ లేకుండా తెలిసే ఈ సంగతులు చాలా మార్కర్లకంటే బాగా చెబుతాయి. కొత్త మార్కర్ వీటికి అదనంగా ఏం కలిపిందో చూపించమంటే చాలా వ్యాసాలు నీళ్లు నములుతాయి. మన దగ్గర రోగి భవిష్యత్తును మార్చేవి ఇంకా మామూలు సంగతులు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చ చూసి కఫంలో క్రిమి కనబడకపోయినా టీబీ మందులు నెలల తరబడి మింగించడం వల్ల మొదటి స్టేజీలో దొరకాల్సిన క్యాన్సర్ నాలుగో స్టేజీలో దొరకడం తెలుగు జిల్లాల్లో ఛాతీ డాక్టర్లందరికీ తెలిసిన విషాదమే.

అందుకే పెథాలజీ రిపోర్టుల్లో నేను కోరేది ఒకటే. ప్రతి ప్రోటీన్ పేరు పక్కన, దాని ఫలితం ఏ నిర్ణయాన్ని మారుస్తుందో ఒక్క వాక్యం రాయాలి. ఏఎల్‌కే: పాజిటివ్ అయితే ఫలానా మాత్ర. పీడీ-ఎల్1: జన్యు పరీక్ష ఫలితం వచ్చాకే చదవాలి. పీ40: స్క్వామస్ రకం. రాయడానికి వాక్యం లేని ప్రోటీన్‌కు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పరిశోధన కోసం కావాలంటే పరిశోధన నిధుల నుంచి, రోగి అనుమతితో చేసుకోవాలి. ఆ ఫలితాన్ని 'ప్రోగ్నోసిస్ బాగాలేదు' అని రోగి కాగితాల మీద రాయకూడదు. ఆ ముక్క చదివి వైద్యమే మానుకుని ఇంటికెళ్లిపోయే కుటుంబాలున్నాయి.

మార్కర్ల వేటలో మరుగున పడిపోయిన ఒక ఫలితం 2010లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ నుంచి వచ్చింది. నాలుగో స్టేజీ ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా బయటపడిన 151 మందిని చీటీ వేసి రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు క్యాన్సర్ వైద్యం, రెండో గుంపుకు దానితో పాటు మొదటి రోజుల నుంచే పాలియేటివ్ కేర్: నొప్పికీ ఆయాసానికీ మందు, భయం గురించి మాట్లాడే మనిషి, ఇంట్లోవాళ్లకు సలహా. రెండో గుంపులో దిగులు తక్కువ, చివరి రోజుల్లో పనికిరాని కీమో తక్కువ. ఆయుష్షు మధ్యగతం 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. ఏ ప్రోటీన్‌నూ కొలవకుండా, ఏ కొత్త మందూ ఇవ్వకుండా దాదాపు మూడు నెలలు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో ఇలాంటి విభాగం ఉంది. నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే మార్ఫిన్ అందుబాటును సులువు చేస్తూ పార్లమెంటు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది కూడా. అయినా పల్లెల్లో ఊపిరాడక అల్లాడే రోగికి ఆ మాత్ర ఈనాటికీ అందని మందు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మనుగడ మీద ప్రభుత్వం ఖర్చుపెట్టే తర్వాతి రూపాయి జిల్లా ఆస్పత్రుల్లో ఆ మాత్ర ఉండే అలమారాకు, దాన్ని రాయగలిగేలా శిక్షణ పొందిన డాక్టరుకు వెళ్లాలి.